పుట్టకు మేస్త్రీ లేడు, సరే. నక్షత్రాలు ఎవరితో మాట్లాడతాయి?

ప్రశ్న: సార్, నమస్కారం. ప్రకాశం జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. మా బడి ప్రహరీ మూలన మనిషెత్తు పుట్ట ఉంది. మొన్న గోడ పనికి వచ్చిన జేసీబీ దాన్ని ఒక పక్క గీరేసింది. నాలుగు రోజుల్లో చెదలు ఆ గాయాన్ని పూడ్చేశాయి. తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకెళ్లి చూపించి, "చూడండర్రా, దీనికి ఇంజనీరు లేడు, మేస్త్రీ లేడు. ఒక్కో చెదకు ఏమీ తెలియదు. అన్నీ కలిస్తే తెలివి పుడుతుంది. దీన్నే సామూహిక మేధ అంటారు. విశ్వంలో ఈ క్రమమంతా కూడా ఇలాగే తనంత తాను ఏర్పడింది" అన్నాను. వెనక బెంచీ అమ్మాయి ఒకతె లేచి, "చెదలు వాసనలతో మాట్లాడుకుంటాయన్నారు కదా సార్, మరి నక్షత్రాలు ఎవరితో మాట్లాడతాయి? విశ్వానికి కూడా తెలివి ఉన్నట్టేనా?" అని అడిగింది. రేపు చెబుతానన్నాను. వారమైంది. ఈలోగా ఒక పిల్లవాడి తండ్రి వచ్చి "దేవుడు లేడని పాఠం చెబుతున్నారటగా" అని అడిగి వెళ్లాడు. ఆ పుట్టకు ఏటా నాగులచవితికి పాలు పోసే ఊరు మాది. నేను చెప్పిన పోలిక తప్పా? సోమవారం ఆ పిల్లకు ఏం చెప్పమంటారు?

సమాధానం: మాస్టారూ, ముందు ఆ అమ్మాయిని వెనక బెంచీలోంచి ముందుకు పిలవండి. ముప్పై ఏళ్లకు పైగా కాలేజీలో ఫిజిక్సు చెప్పాను. నన్ను ఇంత సూటిగా అడిగినవాళ్లు లేరు. అడిగి ఉంటే నేను కూడా రేపు చెబుతాననే అనేవాణ్ని.

మీ పోలికలో సగం మీరనుకున్నదానికన్నా గట్టిది. మిగతా సగం మీదే ఆ పిల్ల వేలు పెట్టింది. గట్టి సగం ముందు చూద్దాం.

చెదల సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. అయినా నా లెక్క సరిచూసుకోవడానికి ఒకసారి చెప్పుకుంటాను, తప్పుంటే దిద్దండి. 1959లో పియేర్ పాల్ గ్రాసె అనే ఫ్రెంచి జీవశాస్త్రవేత్త చెదల కట్టుబడి చూసి ఒక సంగతి గ్రహించాడు. అక్కడ పనివాడికి ఇంకొకరు పని పురమాయించడం లేదు. అప్పటికే చేసి ఉన్న పనే తరవాతి పనిని పురమాయిస్తోంది. దానికి ఆయన స్టిగ్మర్జీ అని పేరు పెట్టాడు. కళ్లు లేని చెద ఒకటి ఉమ్మితో తడిపిన మట్టి ముద్ద తెచ్చి ఎక్కడో పెడుతుంది. ఆ ముద్దను తగిలిన ఇంకో చెద తన ముద్దనూ అక్కడే పెడుతుంది. ఇదంతా మట్టికి అంటిన వాసన మహిమే అని మొదట్లో అనుకున్నారు. తేమ, గాలి కదలిక, గోడ వంపు కూడా చెదల చేత ముద్ద పెట్టిస్తాయని తరవాత తేలింది. ఏది పెట్టించినా జరిగేది ఒకటే: మట్టి ఉన్నచోటికే మట్టి చేరుతుంది. మొదట నేలంతా ముద్దలు చెదురుమదురుగా ఉంటాయి. ఎక్కడో ఒకచోట ఏ కారణమూ లేకుండా రెండు ముద్దలు ఎక్కువ పడతాయి. ఆ రెండు ఎక్కువైనందుకే అక్కడికి ఇంకో నాలుగు వస్తాయి. డబ్బున్న చోటికే డబ్బు చేరినట్టు. కాసేపట్లో స్తంభం లేస్తుంది.

ఇప్పుడు ఆకాశం చూడండి. విశ్వం మొదలైన సుమారు 3,80,000 ఏళ్లకు బయలుదేరిన వెలుగు, 1380 కోట్ల ఏళ్ల ప్రయాణం చేసి, ఇప్పటికీ అన్ని దిక్కుల నుంచీ మన మీద పడుతూనే ఉంది. కంటికి కనిపించదు, మైక్రోవేవ్ రూపంలో ఉంటుంది. దాన్ని కొలవడానికి అమెరికావాళ్లు పంపిన కోబె ఉపగ్రహం 1992లో ఒక చిన్న తేడా పట్టుకుంది. ఆ వెలుగు అన్ని వైపులా అచ్చం ఒకేలా లేదు. ఒకచోటికీ ఇంకోచోటికీ లక్షలో ఒక వంతు తేడా ఉంది. అంటే లక్ష రూపాయల కట్టలో ఒక్క రూపాయి అటూ ఇటూ. అప్పటి విశ్వం అంత నున్నగా అలికిన గచ్చు అన్నమాట. ఆ ఒక్క రూపాయే చాలింది. కాస్త చిక్కగా ఉన్నచోటు పక్కనున్న పదార్థాన్ని కాస్త ఎక్కువ లాగింది. లాగినకొద్దీ ఇంకా చిక్కనైంది, చిక్కనైనకొద్దీ ఇంకా లాగింది. (మనకు కనిపించే పదార్థం ఒక్కటే అయితే ఇంత త్వరగా అయ్యేది కాదు. కనిపించని కృష్ణ పదార్థం ముందుగా గుట్టపడి దీన్ని లోపలికి లాగిందని మా వాళ్ల లెక్క. అది వేరే ఉత్తరం.) అలా గెలాక్సీలు, గెలాక్సీల గుంపులు, ఆ గుంపుల్ని కలిపే పొడుగాటి పోగులు, పోగుల మధ్య బోలెడంత ఖాళీ. 2017లో పుణెలోని ఐయూకా, ఐసర్ అనే పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన 43 గెలాక్సీ గుంపులు ఒక్కచోట చేరి ఉన్న మహా సమూహాన్ని కనిపెట్టి దానికి సరస్వతి అని పేరు పెట్టారు. దాన్ని కూడా ఎవరూ పేర్చలేదు. పదార్థం ఉన్నచోటికే పదార్థం చేరింది.

కాబట్టి పుట్టకూ ఆకాశానికీ ఉన్న పోలిక ఏదో కవిత్వానికి అన్నది కాదు. రెండుచోట్లా చిన్న తేడా తనను తాను మేపుకుని పెద్దదైంది, రెండుచోట్లా మొత్తం నక్షా ఎవరి దగ్గరా లేదు. ఇంతవరకు మీరు పిల్లలకు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పొచ్చు.

చిక్కు "తెలివి" అన్న మాటతో వచ్చింది. మీరు క్రమం అనాల్సిన చోట తెలివి అన్నారు. చెదల విషయంలో అది చెల్లింది కాబట్టి ఆకాశానికీ చెల్లుతుందనుకున్నారు. ఆ పిల్ల నమ్మలేదు.

సోమవారం ఏం చెప్పాలన్నారు. ఏమీ చెప్పకండి. చింతపిక్కలు తెప్పించండి, ఒక శేరు చాలు. రెండు ఆటలు ఆడించండి.

మొదటిది గుట్టల ఆట. బడి ఆవరణలో ఒక గది అంత మేర గీత గీసి, రెండు మూడు వందల పిక్కలు చల్లండి. పదిమంది పిల్లల్ని లోపలికి వదలండి. నియమాలు మూడే. తల దించుకుని ఎటుపడితే అటు నడవాలి. చేతిలో ఏమీ లేనప్పుడు కాలి దగ్గర పిక్క కనిపిస్తే తీసుకోవాలి. చేతిలో పిక్క ఉండగా మరో పిక్క ఎదురైతే దాని పక్కనే పెట్టేసి ఇంకోవైపు వెళ్లిపోవాలి. అంతే. పెద్ద గుట్ట ఎక్కడుందో వెతకకూడదు, ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. అమెరికాలో మిచెల్ రెస్నిక్ అనే ఆయన 1990లలో కంప్యూటరు తెర మీద చెదల చేత చెక్కముక్కలు మోయించి చూపిన ఆటే ఇది. నేను మా వీధి పిల్లలతో సంక్రాంతి సెలవుల్లో ఆడించాను. మొదటి పది నిమిషాలు ఏమీ కాలేదు, కోళ్లు కెలికినట్టు ఉంది అంతా. తరవాత చిన్న చిన్న గుట్టలు తేలాయి. ఆ పైన గుట్టల సంఖ్య తగ్గుతూ, ఉన్నవి పెరుగుతూ వచ్చాయి. కారణం అడిగితే పిల్లల చేతే చెప్పించండి, దొరుకుతుంది: పిక్కను ఇంకో పిక్క పక్కనే పెట్టాలి కదా, అందుకని ఒకసారి పూర్తిగా ఖాళీ అయిన చోట కొత్త గుట్ట పుట్టే వీల్లేదు. గుట్టలు చావడమే తప్ప పుట్టడం లేదు. అందుకే చివరికి కొన్నే మిగులుతాయి.

మా ఆటలో ఒక గడుగ్గాయి నియమం తప్పి, దొరికిన ప్రతి పిక్కనూ నేరుగా పెద్ద గుట్ట దగ్గరికే మోసుకెళ్తున్నాడు. పట్టుకుని అడిగితే, "తెలివి వాడకూడదా తాతా?" అన్నాడు. వాడకూడదురా అన్నాను. అన్నాక నాకే వెలిగింది. ఈ ఆటలో తెలివి నిషిద్ధం, అయినా గుట్ట లేచింది.

రెండోది సీసా ఆట. అవే పిక్కల్ని ముందు మీరు లెక్కపెట్టుకుని ఒక గాజు సీసాలో పోయండి. ఎన్ని ఉన్నాయో ఒక్కో విద్యార్థినీ చీటీ మీద రాయమనండి, పక్కవాడికి చూపించకుండా. చీటీలన్నీ చిన్న అంకె నుంచి పెద్ద అంకె దాకా వరసగా పేర్చి, సరిగ్గా నడుమ ఉన్న చీటీ తీయండి. చాలాసార్లు అది అసలు లెక్కకు ఆశ్చర్యపోయేంత దగ్గరగా ఉంటుంది, తరగతిలో చాలామంది కన్నా దగ్గరగా. 1906లో ఇంగ్లండులోని ప్లిమత్ పశువుల సంతలో ఒక ఎద్దును కోసి శుభ్రం చేశాక ఎంత తూగుతుందో చెప్పమని పందెం పెట్టారు. ఆ చీటీలను ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త తెప్పించుకుని చూశాడు. సామాన్యుల తీర్పు మీద పెద్ద గౌరవం ఉన్న మనిషి కాదాయన. చదవగలిగిన చీటీలు 787. నడిమి చీటీ 1207 పౌన్లు. ఎద్దు తూగింది 1198. నూటికి ఒకటి కూడా తేడా లేదు. దీన్ని ఆయన మరుసటి ఏడాది అచ్చు వేయించాడు. సామూహిక మేధ మీద మాట్లాడేవాళ్లందరూ ఇప్పటికీ తిరిగి తిరిగి ఆ ఎద్దు దగ్గరికే వస్తారు.

సీసా ఆట అక్కడితో ఆపకండి, రెండోసారి ఆడించండి. పిక్కల సంఖ్య మార్చి, ఈసారి మీ క్లాసు ఫస్టు కుర్రాణ్ని ముందుగా తన అంకె పైకి చదవమనండి. ఆ తరవాత మిగతావాళ్లు రాయాలి. చీటీలన్నీ వాడి అంకె చుట్టూ మూగుతాయి. వాడు తప్పితే తరగతి మొత్తం తప్పుతుంది. మొదటిసారి పని చేసింది ఎందుకంటే కొందరు ఎక్కువ వైపు తప్పారు, కొందరు తక్కువ వైపు తప్పారు, ఒకరి తప్పును ఇంకొకరి తప్పు మింగేసింది. రెండోసారి అందరూ ఒకే వైపు తప్పారు.

ఇప్పుడు రెండు ఆటలూ పక్కపక్కన పెట్టండి. సీసాలో ఒక అంకె ఉంది, ఎవరికీ తెలియకపోయినా ఉంది. దాని ముందు ప్రతి చీటీ ఒప్పో తప్పో అవుతుంది. గుట్టల ఆటలో అలాంటిదేమీ లేదు. గుట్ట ఈ మూలన కాక ఆ మూలన లేస్తే తప్పా? ఐదు గుట్టలు కాక ఏడు మిగిలితే తప్పా? కాదు. ఏది లేస్తే అదే. తప్పుకు చోటు ఉంటేనే తెలివి అన్న మాటకు అర్థం ఉంటుంది మాస్టారూ. క్రమానికి ఆ అవసరం లేదు. ఆ పిల్ల ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇదే. దాన్ని పిక్కల చేత చెప్పిస్తే ఎక్కువ గుర్తుంటుంది.

నక్షత్రాలు ఎవరితో మాట్లాడతాయి అంది కదా. ఎవరితోనూ మాట్లాడవు, లాగుతాయి అంతే. మాట అన్నది అబద్ధం కావచ్చు, తప్పుగా వినపడవచ్చు. చెదల వాసన అలాంటి మాటే. ఆ వాసనను ఒంటికి తెచ్చుకుని పుట్టలో తేరగా తిని కాపురముండే పురుగులు ఉన్నాయి, మీకు తెలుసు. చీమలు పెట్టిన పుట్టలో పాములు చేరినట్టు అంటాం. (పెట్టింది చెదలే అయినా సామెత చీమలకే ఇచ్చింది, పోనీండి.) గురుత్వాకర్షణతో అలా కుదరదు. లేని బరువును ఉన్నట్టు నటించి పక్కవాణ్ని లాగగల నక్షత్రం లేదు. గురుత్వానికి మోసపోవడం రాదు. కాబట్టి అది మాట కాదు.

చీమల్లో ఇంకా దారుణమైన ఉదాహరణ ఉంది, పెద్ద తరగతుల పిల్లలకు చెప్పండి. ఒక జాతి దండు చీమలు కళ్లు కనపడక, ముందు చీమ వదిలిన వాసన పట్టుకుని నడుస్తాయి. ఎప్పుడైనా దారి తప్పి ముందు చీమ వెనక చీమ వాసన మీదికే వచ్చిందంటే, దండు మొత్తం గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. విలియం బీబ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త గయానా అడవిలో అలాంటి చక్రం చూసి 1921లో రాశాడు. చుట్టుకొలత 1200 అడుగులు. ఒక్కో చీమ ఒక చుట్టు తిరగడానికి రెండున్నర గంటలు. చాలా చీమలు అలా తిరుగుతూనే చచ్చిపోయాయి. చూడటానికి ఎంత చక్కటి క్రమం! రంగులరాట్నంలా ఉండి ఉంటుంది. కానీ అది బుద్ధి తప్పిన క్రమం. మన సౌరకుటుంబంలో భూమి కూడా గుండ్రంగానే తిరుగుతోంది, 450 కోట్ల ఏళ్లుగా. దాన్ని చూసి "పాపం, దారి తప్పింది" అని ఎవరమైనా అంటామా? చీమలను అంటాం. ఎందుకంటే అవి చేరాల్సిన చోటు ఒకటుంది.

మీరు బయాలజీ మాస్టారు కాబట్టి ఇక్కడ నన్ను నిలదీస్తారని తెలుసు. చెదలు మాత్రం ఆడుతున్నది గుట్టల ఆట కాదా? ముద్ద పక్కన ముద్ద, తల ఎత్తి చూడటం లేదు, అడిగి చేయడం లేదు. మరి దాన్ని తెలివి అని ఎలా అంటాం?

నిజమే, ఆడుతున్నది గుట్టల ఆటే. కాకపోతే దాని వెనక ఒక పరీక్ష ఉంది, చెదలకు కనిపించని పరీక్ష. మీ పుట్ట మీద నిలువుగా పక్కటెముకల్లాంటి మడతలు ఉంటాయి చూడండి. ఎల్. మహదేవన్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్లు బెంగళూరు పుట్టల్లోకి గాలిని కొలిచే సాధనాలు దింపి 2015లో చెప్పిందేమిటంటే, ఆ మడతలే పుట్టకు ఊపిరితిత్తులు. పగలు ఎండకు పలచటి మడతలు త్వరగా కాగుతాయి, వాటిలో గాలి పైకి లేస్తుంది, నడిమి గొట్టంలో గాలి కిందికి దిగుతుంది. రాత్రి మడతలు త్వరగా చల్లారతాయి, గాలి ఎదురు తిరుగుతుంది. పగటికీ రాత్రికీ ఉన్న తేడాను వాడుకుని పుట్ట ఊపిరి తీస్తోంది. లోపల లక్షల ప్రాణాలు వదిలే బొగ్గుపులుసు వాయువు బయటికి పోవడానికి అదే దారి. మడతలు లేకుండా, గాలి ఆడకుండా కట్టే గుణం ఉన్న చెదలు ఎప్పుడో ఉక్కిరిబిక్కిరై పోయాయి, వాటి పిల్లలు మిగల్లేదు. ఇప్పుడున్నవి ఆ పరీక్ష కోట్ల ఏళ్లపాటు రాసి నెగ్గినవాళ్ల సంతానం. తెలివి చెదలో లేదు, ఆ మాటకొస్తే ఒక్క పుట్టలోనూ పూర్తిగా లేదు. తప్పు కట్టి కూలిపోయిన పుట్టలన్నిటి లెక్కలో ఉంది. గెలాక్సీలకు అలాంటి పరీక్ష ఎవరు పెట్టారు? తప్పుగా కట్టుకుని ఫెయిలైన గెలాక్సీ ఏది?

విశ్వానికి కూడా పరీక్ష ఉంటే బాగుండునని ఆశపడినవాళ్లు లేకపోలేదు. లీ స్మోలిన్ అనే భౌతికశాస్త్రవేత్త 1992లో ఒక ఊహ తెచ్చాడు: ఒక్కో కృష్ణబిలం నుంచి కొత్త విశ్వం పుడుతుందనీ, పిల్ల విశ్వం నియమాలు తల్లివాటికన్నా కొద్దిగా మారతాయనీ, కృష్ణబిలాలు ఎక్కువ కనే విశ్వాల వంశమే పెరుగుతుందనీ. డార్విన్‌ను ఆకాశానికి ఎక్కించడం అన్నమాట. ముచ్చటైన ఊహ. రుజువు లేదు.

మీ క్లాసులో చురుకైన కుర్రాడు ఉంటే సూర్యుణ్ని అడ్డం వేస్తాడు, సిద్ధంగా ఉండండి. తేనెపట్టులో పిల్లలుండే చోటు వేడి 35 డిగ్రీలకు అటూఇటూ కాకుండా తేనెటీగలు కాస్తాయి. వేడెక్కితే రెక్కలతో విసురుతాయి, నీళ్లు తెచ్చి చల్లుతాయి. చల్లబడితే గుంపుగా చేరి ఒళ్లు వణికించి వేడి పుట్టిస్తాయి. సూర్యుడూ అంతే కదా సార్ అంటాడు. నిజంగానే అంతే. నడుమ మంట కాస్త ఎక్కువైతే సూర్యుడి గర్భం వ్యాకోచిస్తుంది, వ్యాకోచిస్తే చల్లబడుతుంది, మంట తగ్గుతుంది. తగ్గితే బరువుకు కుంగుతుంది, కుంగితే వేడెక్కుతుంది. ఆ తూకం తప్పకనే ఇన్ని కోట్ల ఏళ్లుగా మన పొలాలు పండుతున్నాయి. చూడటానికి తేనెపట్టూ సూర్యుడూ ఒకే పని చేస్తున్నట్టే ఉంది. కానీ తేనెటీగలు కాసేది పిల్లల కోసం. విసరడం మానేస్తే పట్టు పాడవుతుంది, అంటే అక్కడ ఒక ఓటమి ఉంది. సూర్యుడిలో హైడ్రోజన్ అయిపోయిన రోజున ఆయన ఉబ్బి ఎర్రబారి చివరికి చల్లారతాడు. అది ఓటమి కాదు, అప్పుడూ అవే నియమాలు అంతే శ్రద్ధగా నడుస్తాయి. ఇక్కడ "శ్రద్ధగా" అన్నాను చూశారా, మన భాష ఇంతే, నక్షత్రానికి కూడా ఉద్యోగం ఇచ్చేస్తుంది.

ఈమధ్య ఫోన్లలో తిరుగుతున్న బొమ్మ మీ పిల్లలకు ఎలాగూ వచ్చి ఉంటుంది. ఒక పక్క మెదడు నాడుల వల, ఒక పక్క గెలాక్సీల వల, రెండూ అచ్చు గుద్దినట్టు. కింద "విశ్వం ఆలోచిస్తోంది" అని రాసి ఉంటుంది. దాన్ని కొట్టిపారేయకండి, ఎందుకంటే ఆ పోలికతో నిజంగా పని జరిగింది. స్లైమ్ మోల్డ్ అని పసుపుపచ్చటి జిగట ప్రాణి ఒకటి ఉంది. మెదడు లేదు, నాడులు లేవు. తిండి ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ పొదుపుగా దారులు పరుచుకుంటుంది. 2010లో జపాన్ శాస్త్రవేత్తలు టోక్యో చుట్టుపక్కల ఊళ్లున్నట్టుగా 36 చోట్ల ఓట్స్ పెట్టి దాన్ని వదిలితే, అది పరుచుకున్న దారులు అక్కడి రైలు మార్గాలకు చాలా దగ్గరగా వచ్చాయి. పదేళ్ల తరవాత, 2020లో, కాలిఫోర్నియాలో జోసెఫ్ బర్చెట్ బృందం ఆ ప్రాణి నడక పద్ధతిని కంప్యూటర్లో పెట్టి, తిండి బదులు 37,000 గెలాక్సీల స్థానాలు దాని ముందు పోసింది. అది ఆ గెలాక్సీల మధ్య పోగులు గీసింది. హబుల్ టెలిస్కోపు పట్టిన వెలుగుతో సరిచూస్తే, పోగులు గీసిన చోట్ల పలచటి హైడ్రోజన్ జాడ కనిపించింది. ఎవరికైనా ఒళ్లు జలదరించే సంగతే. అయినా అందులో ఆకలి ఉన్నది జిగట ప్రాణికి మాత్రమే. ఎంగేజ్‌మెంటు ఫొటోలో ఇద్దరి ముక్కులూ ఒకేలా ఉన్నంత మాత్రాన బావామరదళ్లు కారు, ముందు వాళ్ల ఊళ్లు కనుక్కోవాలి.

ఇంకొక్క మాట, ఇది ఏ పోలికలోనైనా చెప్పి తీరాల్సింది. "తనంత తాను ఏర్పడింది" అన్నారు. ఎవరూ కట్టలేదన్నంత వరకు సరే. ఊరికే వచ్చిందని పిల్లలు అనుకుంటే మాత్రం తప్పు. క్రమానికి ఎక్కడో ఒకచోట ఖర్చు రాయాలి. మీ చెదలు ఎండుటాకులు, కట్టె మోసుకొచ్చి లోపల బూజు తోటలు పెంచుకుని తింటాయి. వానపడ్డాక ఆ తోటలే పుట్ట మీద గొడుగులెత్తుతాయి, పుట్టగొడుగు అన్న పేరు అలా వచ్చిందే. ఆ కట్టెలో ఉన్నది ఎండ. సూర్యుడి దగ్గర నుంచి భూమికి ఒక్కో కాంతి కణం వస్తే, భూమి దానికి బదులుగా సుమారు 20 పరారుణ కణాలను చీకట్లోకి వదులుతుంది. శక్తి అంతే ఉంది, పెద్ద నోటు పుచ్చుకుని చిల్లర తిరిగి ఇస్తోంది. ఆ చిల్లర మార్పిడిలోనే చెట్టు, చెద, మీరు, నేను బతుకుతున్నాం. గెలాక్సీ గుట్టపడేటప్పుడూ ఇదే లెక్క. వాయువు లోపలికి కుంగాలంటే వేడిని బయటికి వెళ్లగొట్టాలి. ఇక్కడ సర్దుకున్నదానికన్నా బయట చెదిరిందే ఎక్కువ. ఇల్లు ఊడ్చిన చెత్త వీధిలో పడ్డట్టు.

ఆ తండ్రిగారి విషయం. ఆయనతో వాదం పెట్టుకోకండి. ఆయన కోసం పాఠం మార్చాల్సిన పని కూడా లేదు. పుట్టకు మేస్త్రీ లేడన్నది మీరు కళ్లారా చూపించిన సంగతి. దానికి నాగులచవితి పాలతో పేచీ లేదు. ఆ ఊళ్లో పాలు పోసే ఆడవాళ్లకు పుట్టను చెదలు కట్టాయని మీకన్నా ముందే తెలుసు. కానీ పుట్టను చూపించి దేవుడు లేడని గానీ ఉన్నాడని గానీ తేల్చే పని మీరు పెట్టుకున్నట్టు వినిపించి ఉంటే, అది ఆ "విశ్వం కూడా" అన్న ఒక్క వాక్యం వల్లే. పోలికను అది మోయగలిగినంత దూరమే నడిపించాలి. ఆయన్ను కూడా సోమవారం రమ్మనండి, సీసాలో ఎన్ని పిక్కలున్నాయో ఒక చీటీ రాయమనండి. పశువుల సంతలో బేరాలు ఆడిన చెయ్యి అయితే మీ క్లాసు ఫస్టు కన్నా దగ్గరగా చెబుతారు.

ఆటలు రెండూ అయ్యాక ఆ పిల్లనే అడగండి: "ఆకాశంలో జరిగింది ఇందులో ఏ ఆటమ్మా?" గుట్టల ఆట అంటుంది. పుట్ట సంగతి అడిగితే కాస్త ఆలోచించి, గుట్టల ఆటే గానీ దానికి మార్కులు వేసేవాళ్లున్నారు అని ఏదో తన మాటల్లో చెబుతుంది. ఆమె మాటలే బోర్డు మీద రాయండి.

అక్కడితో ఊరుకోదు, నాకు అనుమానమే. గుట్టల ఆటకు మూడు నియమాలు మీరు పెట్టారు. "మరి అక్కడ నియమాలు ఎవరు పెట్టారు సార్?" అంటుంది. మొదట్లో గచ్చు అంత నున్నగా ఎందుకుంది, గురుత్వం ఇలాగే ఎందుకుంది, దీనికి ఇవాళ ఫిజిక్సు దగ్గర ఊహలున్నాయి గానీ తేలిన జవాబు లేదు. తెలియదని చెప్పండి, ఈసారి రేపు చెబుతాననకండి. ఆమె ఏమందో మాత్రం నాకు ఒక ఉత్తరం రాయండి. చింతపిక్కలు పారేయకండి, వచ్చే ఏడాది తొమ్మిదో తరగతికి పనికొస్తాయి.